రెండు పంచాంగాల మధ్య పెళ్లికొడుకు

మా మేనల్లుడిది ఒడిశాలోని బరంపురం, ఉద్యోగం బెంగళూరులో. అమ్మాయి వాళ్లది ఛత్రపురం, ఒడియా కుటుంబం. పిల్లలు ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు ఒప్పుకున్నారు, జాతకాలు కూడా చూసుకున్నారు. అంతా అయ్యాక వాడు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మావయ్యా, లీవు ఏ తారీఖు నుంచి పెట్టను?"

అప్పటికి ఇంట్లో మూడు తారీఖులు తిరుగుతున్నాయి. మా పంతులుగారు 2026 మే రెండో వారం అన్నారు. అమ్మాయి వాళ్లు తమ పాంజి, అంటే ఒడియా పంచాంగం, చూసి జూలై మొదట్లో అన్నారు. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దబావగారు ఫోన్లో ఎవరిదో వీడియో చూసి "ఏప్రిల్ 28, రాత్రి 12:05, దివ్యమైన ముహూర్తం" అని మెసేజ్ పెట్టారు. మే అంటే వియ్యాలవారు వద్దన్నారు. జూలై అంటే మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. పెళ్లికొడుకు మాత్రం ఎటూ తేలక, ఆఫీసులో ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నాడు.

ఈ గొడవ మా ఇంటిది ఒక్కటే కాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా అవతలివాళ్లు ఒడియా వాళ్లయితే, ఇది మామూలే. పట్టుదలల వల్ల వచ్చే గొడవలా కనిపిస్తుంది కానీ విప్పి చూస్తే అందులో మూడు రకాల తేడాలుంటాయి. ఒకటి పేరు తేడా, రెండోది లెక్క తేడా, మూడోది ఆచారం తేడా. మొదటి రెండింటికి కాగితం, పెన్సిలు చాలు. మూడోదానికే పెద్దవాళ్లు కూర్చోవాలి. మనవాళ్లు అన్నిటికీ కలిపి కూర్చుంటారు, అందుకే కాఫీలు ఎక్కువవుతాయి.

గీత మనుషులకి పడింది, పంచాంగాలకి కాదు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా బరంపురం, పర్లాకిమిడి ఉన్న ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. శ్రీకాకుళం కూడా అప్పుడు ఇందులోనే ఉండేది. గీత పడ్డాక బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి, ఇచ్ఛాపురం, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. మహేంద్రతనయ దాటితే రాష్ట్రం మారుతుంది, చుట్టరికం మారదు. అలాగే బరంపురంలో తెలుగు ఇంట్లో ఉగాదికి తెలుగు పంచాంగమే తెచ్చుకుంటారు, పక్కింట్లో మేష సంక్రాంతికి కొత్త పాంజి వస్తుంది. రెండూ ఒకే ఆకాశాన్ని చూసి రాసినవే. చూసినదానికి పెట్టే పేర్లు వేరు.

ఒకే రోజుకి రెండు నెలలు

మనకు చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది. ముందు శుక్ల పక్షం, తర్వాత బహుళ పక్షం. దీన్ని అమాంత పద్ధతి అంటారు. ఒడియా వాళ్లు వ్రతాలకూ పూజలకూ వాడే చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. అంటే వాళ్లకు చీకటి పక్షం ముందు, వెన్నెల పక్షం తర్వాత. ఇది పూర్ణిమాంత పద్ధతి.

దీనివల్ల శుక్ల పక్షం పదిహేను రోజులూ రెండిళ్లలోనూ ఒకే నెల పేరు వినపడుతుంది. బహుళ పక్షం రాగానే వాళ్లు ఒక నెల ముందుకు వెళ్లిపోతారు. మన వైశాఖ బహుళం వాళ్ల జ్యేష్ఠ కృష్ణ పక్షం. మన జ్యేష్ఠ బహుళం వాళ్ల ఆషాఢ కృష్ణ పక్షం. ఆ రాత్రి చంద్రుడు ఒక్కడే, తిథి ఒక్కటే. కాగితం మీద మాత్రం నెల మారిపోతుంది.

మా మేనల్లుడి విషయంలో ఇదే ముడిపడింది. వాడు పెద్దకొడుకు, ఆ అమ్మాయి పెద్దకూతురు. పెద్దకొడుకుకీ పెద్దకూతురికీ జ్యేష్ఠ మాసంలో పెళ్లి చేస్తే త్రిజ్యేష్ఠ దోషం అని మనవాళ్లు తప్పిస్తారు, వాళ్లూ ఆ పట్టింపు ఉన్నవాళ్లే. మా పంతులుగారు చెప్పిన మే రెండో వారం మనకు వైశాఖ బహుళం, ఏ అభ్యంతరమూ లేదు. వాళ్ల పాంజిలో అది జ్యేష్ఠం. వాళ్లు వద్దన్నది అందుకు. వాళ్లు చెప్పిన జూలై మొదటి వారం వాళ్లకు ఆషాఢం, త్రిజ్యేష్ఠ గండం దాటిపోయింది. మనకు అది ఇంకా నిజ జ్యేష్ఠ బహుళం. పైగా వియ్యపురాలు ఫోన్లో "ఆషాఢ" అన్న మాట మా అమ్మ చెవిన పడింది. తెలుగువాళ్లకు ఆషాఢం శూన్యమాసం, అందులో పెళ్లి మాట ఎత్తరు. ఎవరి నియమం వాళ్లు సరిగ్గానే పాటించారు. ఇంకా చెప్పాలంటే ఇద్దరిదీ ఒకే నియమం. పేరు జారడం వల్ల రెండు తారీఖులూ పోయాయి.

భోజనాల దగ్గర కూడా ఈ తేడా తగులుతుంది. 2026లో తెలుగు కార్తీకం నవంబరు 10న మొదలు. ఒడియా కార్తీకం అంతకు రెండు వారాల ముందు, అక్టోబరు పౌర్ణమి మర్నాడే మొదలై నవంబరు 24 కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. ఆ నెలంతా నీసు ముట్టనివాళ్లు ఆ మర్నాడు 'ఛాడఖాయి' అని చేపలో మాంసమో వండుకుంటారు. అదే రోజు మన ఇళ్లలో కార్తీకం ఇంకా సగం మిగిలి ఉంటుంది. ఆ వారంలో విందు పెట్టుకునేవాళ్లు వంటవాళ్లతో మెనూ మాట్లాడేటప్పుడు పంతులుగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వస్తుంది.

2026లో రోజులు ఎందుకు చాలలేదు

చాంద్రమానంలో పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి లెక్కన ఏడాది 365 రోజుల పైన. ఏటా మిగిలే ఆ పదకొండు రోజులూ పోగుపడి రెండున్నరేళ్లు దాటాక ఒక నెల అవుతుంది. ఆ అమావాస్యకీ తర్వాతి అమావాస్యకీ మధ్య సూర్యుడు ఏ రాశిలోకీ మారడు. సంక్రాంతి లేని ఆ నెలే అధిక మాసం, ఒడియాలో మల మాసం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఇది అమావాస్య నుంచి అమావాస్య దాకా నడిచే నెల కాబట్టి రెండు పద్ధతుల్లోనూ ఒకే చోట పడుతుంది. పెళ్లిళ్లు వద్దనడంలోనూ రెండు వైపులా ఒకటే మాట. ఇక్కడ గొడవ లేదు, రోజులూ లేవు.

రెండోది మౌఢ్యం, మనవాళ్ల వాడుకలో మూఢం. శుక్రుడో గురుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనిపించకుండా పోయే కాలం అది. శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు ఈ కాలం రెండు నెలలు దాటవచ్చు, మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. 2026 జనవరి 6న శుక్రుడు సరిగ్గా సూర్యుడి వెనక ఉన్నాడు. అందుకే 2025 నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మూఢం నడిచి, మాఘమాసం పెళ్లిళ్లను మింగేసింది. మొదలు, ముగింపు తేదీలు ఒక్కో పంచాంగంలో ఒక్కోలా ఎందుకుంటాయంటే, సూర్యుడికి ఎన్ని డిగ్రీల దూరం వస్తే కనిపించనట్టు అన్న హద్దు అందరూ ఒకేలా పెట్టుకోరు. పైగా అస్తమయానికి ముందు వృద్ధత్వం అనీ, ఉదయించాక బాలత్వం అనీ కొన్ని రోజులు కలిపేవాళ్లున్నారు, కలపనివాళ్లున్నారు.

మూడోది నిజంగా ఆచారం తేడా. శయన ఏకాదశి నుంచి ఉత్థాన ఏకాదశి దాకా, అంటే 2026లో జూలై 25 నుంచి నవంబరు 20 దాకా చాతుర్మాస్యం. విష్ణువు నిద్రలో ఉండగా పెళ్లేమిటని చాలా ఒడియా కుటుంబాలు ఆగుతాయి. మనకు శ్రావణం పెళ్లిళ్ల నెల. లెక్క ఎంత సరిచూసుకున్నా ఈ తేడా కరగదు. ఎవరో ఒకరు తగ్గాలి, లేదా ఆ నెలలు వదిలెయ్యాలి.

ఇవన్నీ పలక మీద రాసి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే మా మేనల్లుడికి చివరికి మిగిలింది వైశాఖ శుద్ధం. ఏప్రిల్ 18 నుంచి మే 1 వరకు. రెండు పంచాంగాలూ దాన్ని వైశాఖమే అంటాయి. అప్పుడు పెద్దబావగారి మెసేజ్ మళ్లీ తీశాం.

తిథి దేశమంతటిదీ, లగ్నం ఊరిది

ముహూర్తంలో కొన్ని ముక్కలు ఎక్కడున్నా మారవు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరం, నక్షత్రం అంటే చంద్రుడు నిలిచిన చోటు. ఇవి మారే క్షణం బరంపురంలోనూ హైదరాబాద్‌లోనూ గడియారంలో ఒకటే. లగ్నం అలా కాదు. తూర్పు దిక్కున ఆ క్షణంలో ఏ రాశి ఉదయిస్తోందో అదే లగ్నం, కాబట్టి ఊరిని బట్టి మారుతుంది. రాహుకాలం, దుర్ముహూర్తం కూడా సూర్యోదయం నుంచి లెక్కపెట్టేవి గనక ఊరిని బట్టే ఉంటాయి.

ఎంత తేడా? భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ దాదాపు 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, బరంపురం 84.8 మీద. తేడా 6.3 డిగ్రీలు, అంటే 25 నిమిషాలు. అక్షాంశం వల్ల ఇంకో నిమిషమో రెండో అటూ ఇటూ అవుతుంది.

ఉదాహరణకు హైదరాబాద్‌కి కట్టిన పంచాంగంలో ధనుర్లగ్నం రాత్రి 12:15కి ముగుస్తుందని ఉందనుకుందాం. బరంపురంలో అది 11:50కే అయిపోతుంది. పెద్దబావగారి 12:05 హైదరాబాద్ మండపంలో అయితే ధనుర్లగ్నమే. బరంపురం మండపంలో ఆ సమయానికి మకరం వచ్చేసి పది పదిహేను నిమిషాలవుతుంది. లగ్నం చూసి ముహూర్తం పెట్టించుకుని, వేరే ఊరి లగ్నంలో పెళ్లి చేసుకోవడం అన్నమాట. ఫోన్లో వచ్చే ముహూర్తాల పట్టికలతో చిక్కు ఇక్కడే. అవి తప్పని కాదు, ఏ ఊరికి కట్టినవో చాలాసార్లు రాయరు.

లెక్క కట్టడంలోనే రెండు దారులు

ఒకే ఊరికి కట్టిన రెండు పంచాంగాల్లో కూడా తిథి ముగిసే సమయం గంటల తేడాతో కనిపిస్తుంది. కారణం, పూర్వ పద్ధతి వాళ్లు సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాల సూత్రాలతో చంద్రుణ్ని లెక్కిస్తారు, దృక్ పద్ధతి వాళ్లు ఆధునిక ఖగోళ గణితంతో, ఆకాశంలో నిజంగా కనిపించే స్థానానికి సరిపోయేలా కడతారు. తెలుగులో రెండు రకాలూ అమ్ముడవుతాయి.

ఒడిశాలో దీనికి ఇంకో అందమైన మలుపుంది. ఖండపడాలో 1835లో పుట్టిన సామంత చంద్రశేఖర్‌ను అక్కడ పఠాణి సామంత అంటారు. దుర్భిణి లేకుండా, వెదురు పుల్లలతో చేసుకున్న పరికరాలతో ఏళ్ల తరబడి ఆకాశాన్ని కొలిచి, పాత లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయో పట్టుకున్నాడు. చంద్రుడి గతికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని మూడు సవరణలు చేర్చాడు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. పూరీ జగన్నాథుడి గుడి పంచాంగానికి ఆయన లెక్కలే ఆధారం. కాబట్టి "వాళ్ల పాంజి పాతకాలపుది" అని మనవాళ్లు తేలిగ్గా అనే మాట నిలవదు. చూసి సరిదిద్దుకోవాలన్న ఆలోచనే దృక్ పద్ధతికి ప్రాణం, ఆ పని ఆయన ఇక్కడే చేసి చూపించాడు.

పూర్వ పద్ధతి వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. వ్రతం, శ్రాద్ధం, పెళ్లి అన్నీ తరతరాలుగా ఒకే గ్రంథం ప్రకారం జరిగాయి, దాన్ని మార్చితే ఆచారంలో వరస తెగుతుందని వాళ్ల బాధ. దృక్ వాళ్లు మాత్రం ఆకాశం చూసి చేసే పనికి ఆకాశమే సాక్ష్యం కావాలంటారు. నాకు రెండో వాదన దగ్గరగా అనిపిస్తుంది. అయినా పెళ్లి విషయంలో ఏ పద్ధతి మంచిదన్నదానికన్నా ఇద్దరు పంతుళ్లూ ఒకే పద్ధతి పుస్తకం తెరిచారా లేదా అన్నదే ముఖ్యం.

తెల్లవారితే మంగళవారం

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. ఆఫీసు, రైలు, మండపం బుకింగు అన్నీ అర్ధరాత్రి మారే తారీఖు మీద నడుస్తాయి. రాత్రి 12:05 ముహూర్తం పంతులుగారికి సోమవారం, రైల్వేకి మంగళవారం. పాత శుభలేఖల్లో "సోమవారం రాత్రి, తెల్లవారితే మంగళవారం" అని రాసేది అందుకే. ఇప్పుడు ఫోన్లో పంపే కార్డుల్లో చోటు చాలక ఆ ముక్క ఎగిరిపోతోంది.

మా చిన్నాన్న కొడుకు పెళ్లికి ఇదే జరిగింది. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. బ్యాండు వాళ్లకు ఇంగ్లీషు తారీఖు ఒక్కటే చెప్పారు. వాళ్లు ఆ తారీఖు సాయంత్రం ఠంచనుగా వచ్చారు. అప్పటికి పెళ్లి అయిపోయి, మేం సామాన్లు సర్దుకుంటున్నాం. వాళ్ల తప్పేమీ లేదు, సగం డబ్బు ఇచ్చి పంపాం.

పెళ్లికొడుకు నక్షత్రం ఎక్కడ వస్తుంది

అందరికీ మంచిదైన రోజు ఈ జంటకు మంచిది కాకపోవచ్చు. తారాబలం అనే లెక్క అందుకోసమే. జన్మనక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా రెండు చివర్లూ కలుపుకుని లెక్కపెట్టి, తొమ్మిదితో భాగిస్తే శేషం ఒక తార. వరసగా జన్మ, సంపత్, విపత్, క్షేమ, ప్రత్యక్, సాధన, నైధన, మిత్ర, పరమమిత్ర. శేషం లేకపోతే పరమమిత్ర. వీటిలో విపత్, ప్రత్యక్, నైధన వద్దంటారు. జన్మతారను కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు.

మావాడిది రోహిణి, నాలుగో నక్షత్రం. అమ్మాయిది పునర్వసు, ఏడోది. పెద్దబావగారు చెప్పిన రాత్రి నక్షత్రం ఉత్తర, పన్నెండోది. రోహిణి నుంచి ఉత్తరకి తొమ్మిది, పరమమిత్ర. పునర్వసు నుంచి ఆరు, సాధన. ఇద్దరికీ బాగుంది. మర్నాడు వచ్చే హస్త కూడా పెళ్లి నక్షత్రమే, కానీ లెక్క చూడండి. వాడికి పది, భాగిస్తే శేషం ఒకటి, జన్మతార. అమ్మాయికి ఏడు, నైధన. పట్టికలో రెండు రోజులూ శుభమనే ఉంటుంది, ఈ జంటకు ఒకటే పనికొచ్చింది. చంద్రబలం, పంచకం వంటివి ఇంకా ఉన్నాయి, అవి పంతులుగారికే వదిలేశాం.

ఆ క్షణంలో జరగాల్సింది ఏది

తెలుగు పెళ్లిలో ముహూర్తం అంటే జీలకర్ర-బెల్లం. ఆ నిమిషానికి ఇద్దరి తలల మీదా పెట్టాలి, మంగళసూత్రం, తలంబ్రాలు తర్వాత. ఒడియా పెళ్లిలో అంత బరువున్న ఘట్టం హాతగంఠి, కన్యాదానంలో ఇద్దరి చేతులూ కలిపి కట్టడం. రెండిటికీ ఒకే నిమిషం కావాలంటే కుదరదు. ఒకే లగ్నం కావాలంటే కుదురుతుంది, లగ్నం దాదాపు రెండు గంటలుంటుంది గనక. ఈ చిన్న మాట తట్టక వేదిక మీద ఇద్దరు పురోహితులు గడియారాలు చూపించుకున్న పెళ్లి నేను చూశాను.

చట్టానికి ముహూర్తంతో పని లేదు. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షను ప్రకారం ఇద్దరిలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్లే. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. అసలు ఏ తంతూ జరపకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే ఈ చట్టం కింద పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు వద్దనుకునేవాళ్లకు 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి 30 రోజుల నోటీసు కావాలి. మా మేనల్లుడు ఒకదశలో విసిగిపోయి ఆ దారే మేలన్నాడు. ఆదివారం మండపం దొరికితే అదే సుముహూర్తం అనే స్నేహితులూ వాడికి ఉన్నారు. మా అమ్మకి ముహూర్తం తప్పితే నిద్ర పట్టదు. ఎవరి మాటా అర్థం లేనిది కాదు. నాకు తెలిసినంతలో, లెక్కలో తేడాలన్నీ పక్కకి తీసేశాక మిగిలే అసలు పట్టింపులు ఏ ఇంట్లోనైనా ఒకటో రెండో ఉంటాయి.

మా ఇంట్లో మిగిలింది ఒక్కటే, జీలకర్ర-బెల్లం. వియ్యాలవారి ఇంట్లో హాతగంఠి. పంతులుగారు బరంపురానికి లగ్నాలు మళ్లీ కట్టారు. ఏప్రిల్ 27 సోమవారం రాత్రి, ఉత్తర నక్షత్రం, ధనుర్లగ్నం 9:40 నుంచి 11:50 వరకు. హాతగంఠి 10:40కి, జీలకర్ర-బెల్లం 11:20కి. అర్ధరాత్రి లోపలే కాబట్టి తెలుగు కార్డులోనూ ఒడియా కార్డులోనూ ఒకే తారీఖు అచ్చయింది. పెద్దబావగారు మాత్రం తన ముహూర్తమే ఖాయమైందని ఇప్పటికీ అంటున్నారు, రాత్రి అదేలెండి.

వాడు 24 శుక్రవారం నుంచి లీవు పెట్టాడు. పెట్టిన సాయంత్రమే మళ్లీ ఫోన్ చేశాడు. పెళ్లికొడుక్కి బరంపురం పట్టు జోడా, అంటే పంచె, ఉత్తరీయం, ఆడపెళ్లివారు పెడతారా మనమే కొనుక్కోవాలా అని. మా అమ్మ ఒకటి చెప్పింది, వియ్యపురాలు ఇంకొకటి చెప్పిందట.